తగినంత అంటే ఎంత?

"అత్తా, ఫంక్షన్లో నేను తినగలిగింది ఒక్కటైనా ఉంటుందా?" అని అడిగింది మా ఆడపడుచు కూతురు. డల్లాస్ నుంచి పిల్లాణ్ణెత్తుకుని వచ్చింది. వాడి మొదటి పుట్టినరోజు జగ్గయ్యపేటలో అమ్మమ్మగారింట్లో చెయ్యాలని మా ఆడపడుచు ముచ్చట. మేముండేది నందిగామలో. హైవే మీద అరగంట, ముప్పావుగంట ప్రయాణం. అంచేత వంటల సలహాసంఘంలో నేనూ ఉన్నాను.

పిల్లాడికి ఆవుపాలు పడవు. ఇంకా తల్లిపాలు మాన్పించలేదు. వాడు తాగడం మానేదాకా పాలూ, పెరుగూ, నెయ్యీ తల్లి కూడా ముట్టుకోకూడదని డాక్టరు చెప్పారట. మన ఫంక్షన్ల సంగతి మీకు తెలియనిదేముంది? పప్పులో నెయ్యి, స్వీటులో నెయ్యి, కూరలో పన్నీరు, చివర పెరుగన్నం. ఆఖరికి పులిహోర పోపులో కూడా వాసనకోసమని ఓ గరిటె నెయ్యి పోసే వంటవాళ్ళున్నారు. కొడుకు పుట్టినరోజున ఆ పిల్ల ఓ మూల కూర్చుని అరటిపండు తినాలా?

"అక్కడ పార్టీల్లో లేయర్డ్ డిప్ అని పెడతారత్తా. పాలు తగలకుండా కూడా చేసుకోవచ్చు. అది చేద్దామా?" అంది. సరేనన్నాను. ఆ 'సరే' ఎంత దూరం తీసుకుపోయిందో చెప్పడానికే ఇదంతా.

డిప్ అంటే మరేం లేదు, ముంచుకు తినేది. ఒక గాజు గిన్నెలో పొరలు పొరలుగా పేరుస్తారు. అడుగున చిక్కుడుగింజల ముద్ద, దానిమీద అవకాడో గుజ్జు, దానిమీద పుల్లటి మీగడ, ఆపైన టొమాటో, చీజు, ఉల్లికాడలు. కరకరలాడే మొక్కజొన్న రేకులతో పైనుంచి అడుగుదాకా ఒక్క తోపు తోసి తీస్తే అన్ని పొరలూ కలిసి రావాలి. దీని పుట్టిల్లు మా మేనకోడలుండే టెక్సాస్ రాష్ట్రమేనట. తొలిసారి అచ్చయిన వాటిలో ఒకటి 1981లో 'ఫ్యామిలీ సర్కిల్' అనే అమెరికా పత్రికలో వచ్చింది, 'టెక్స్-మెక్స్ డిప్' అన్న పేరుతో. అదీ అప్పట్లో మనలాంటి ఆడవాళ్ళు చదువుకున్న పత్రికే! అది తెలిశాక ఆ వంటకం మీద నాకు కాస్త చుట్టరికం లాంటిది కలిగింది.

అవకాడో ఇప్పుడు బెజవాడలో దొరుకుతుంది, కాదనను. కానీ మాది మెట్ట. కిందనున్న డెల్టా వాళ్ళకి మాగాణి వరి ఎట్లాగో, మాకు కందీ, పెసరా, మిరపా అట్లాగ. రోటిపచ్చళ్ళ పుట్టింట్లో కూర్చుని అవకాడో కోసం కబురంపడమేమిటి? మన పచ్చళ్ళనే పొరలుగా పేర్చేద్దాం అనుకున్నాను. బేతవోలు అనే ఊరికి వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట అన్నారు. పచ్చడికి డిప్ అని పేరు పెట్టడం అంతకంటే కష్టమా?

ఫోనులో వంటల పేజీలు తెరిచాను. ఫలానాదని పేరు చెప్పను. ఒకటి కాదు, నాలుగైదు చూశాను, అన్నీ ఒక్క అచ్చులో పోసినట్లున్నాయి. 'ఎర్ర పొర, ఆకుపచ్చ పొర, పసుపు పొర, తెల్ల పొర... మీ ఇష్టమైన పచ్చళ్ళు వాడుకోండి. ఉప్పు తగినంత. అందంగా అలంకరించి వడ్డించండి.' అంతే! పక్కన కళ్ళు చెదిరే ఫొటో.

పుట్టినరోజుకి మూడురోజుల ముందు మా ఇంట్లోనే ఓసారి చేసి చూశాను. అడుగున ఎర్రగా టొమాటో పచ్చడి, దానిమీద నల్లటి ఆకుపచ్చలో గోంగూర, దానిమీద పచ్చగా మామిడికాయ పచ్చడి, పైన తెల్లగా దోసకాయ ముక్కలు, నిమ్మరసం పిండిన ఉల్లిపాయలు. చెప్పొద్దూ, గాజు గిన్నెలోంచి చూస్తే గద్వాల చీర అంచులా ఉంది! మావారు ఫొటో కూడా తీశారు.

గంట గడిచింది. దోసకాయ నీరు వదిలింది. ఆ నీరు మామిడికాయలోకి, అక్కణ్ణించి గోంగూరలోకి దిగింది. టొమాటో తన నీరు తను వదిలి కిందనుంచి ఎదురొచ్చింది. చీర అంచు కాస్తా రంగులు కలిసిపోయిన ఉతుకునీళ్ళయింది.

మా అత్తగారికి ఎనభై దాటాయి. రోటి పొత్రం పట్టుకునే శక్తి లేదుగానీ నాలుక మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఓ చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. పులుపు నషాళానికంటిందని తర్వాత తెలిసింది.

"రంగులు చూసి పేర్చావా అమ్మాయ్, రుచులు చూసి పేర్చావా?" అన్నారు.

నాకు మాట రాలేదు.

"టొమాటో పులుపు, గోంగూర పులుపు, మామిడికాయ పులుపు, పైన నిమ్మకాయ. నలుగురు కోపిష్టివాళ్ళని ఒక గదిలో పెట్టి తలుపేస్తే ఏమవుతుంది? నీళ్ళ సరుకంతా గిన్నెలో పోసి, నీరొచ్చిందంటావేం?"

ఆ రెండు ముక్కల్లో ఆవిడ చేసిన విమర్శ నేను చూసిన పేజీలన్నిటికీ సరిపోతుంది. ఆ పేజీలు వంట గురించి రాసినవి కావు, ఫొటో గురించి రాసినవి. ఫొటోకి నీరు దిగదు. ఫొటోకి పులుపు తెలియదు. రంగు ఎట్లా మార్చాలో చెప్పారుగానీ ఏ పొర ఎందుకుందో ఒక్కచోటా చెప్పలేదు. అమెరికావాళ్ళ గిన్నెలో చిక్కుడుగింజల ముద్ద అడుగున ఉండటానికి కారణముంది. అది గట్టిది, పైబరువు మోస్తుంది, నీరు వదలదు. అవకాడో, మీగడ మధ్యలో ఉండటానికీ కారణముంది. అవి కొవ్వు సరుకు. మిరపలో కారాన్నిచ్చే పదార్థం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారం తగిలినప్పుడు నీళ్ళు తాగితే మంట తగ్గక, నెయ్యో పెరుగో తగిలితే తగ్గడం అందుకే. నీళ్ళ సరుకు టొమాటో పైన ఉంటుంది, అదీ ఆఖరి నిమిషంలో. ఈ లెక్క తెలిస్తే ఏ దేశపు సరుకుతోనైనా పొరలు పేర్చుకోవచ్చు. తెలియకపోతే గిన్నెలో మిగిలేది రంగులే.

ఇంకో మాట. ఆ పేజీల్లో రెండింటికి 'పూర్తి శాకాహార డిప్' అని శీర్షిక. లోపల చదివితే 'పైన కాస్త పెరుగు' అని ఉంది! రాసినవాళ్ళది తప్పనలేం. మన భాషలో శాకాహారమంటే మాంసం, చేప, గుడ్డు లేకపోవడమే. పాలూ నెయ్యీ అందులో ఎప్పుడూ ఉన్నాయి. కానీ చంకలో పిల్లాడితో ఆ పేజీ చదివే తల్లికి ఆ 'కాస్త పెరుగు' చిన్న మాట కాదు. రాత్రంతా కూర్చోబెట్టగలిగిన మాట. 'పాలు తగలని వంట' అని నాలుగు తెలుగు ముక్కలు రాస్తే ఏం పోయింది?

ఇక ఈ 'తగినంత' సంగతి. దీనితో నాకు పాత తగాదా ఉంది.

మా అమ్మ పోయాక ఆవిడ వంటల నోటుబుక్కు నాకొచ్చింది. గీతల పుస్తకం, నూనె మరకలు, గుండ్రటి అక్షరాలు. ఎంతో ఆశగా తెరిస్తే ప్రతి పేజీలోనూ ఇదే: ఉప్పు తగినంత, కారం తగినంత, చింతపండు నిమ్మకాయంత. ఏ నిమ్మకాయ అమ్మా? చెట్టున పండిందా, బజార్లో గోళీకాయలా అమ్మేదా? ఆ పుస్తకం చూసి కందిపచ్చడి పదిసార్లయినా చేసి ఉంటాను. ఒక్కసారీ అమ్మ పచ్చడి కాలేదు. చాలా ఏళ్ళు ఆ మాట మీద కోపంగా ఉండేది. తెలిసీ చెప్పకుండా వెళ్ళిపోయిందనిపించేది.

మన ఆడవాళ్ళ వంట రాతని సాహిత్యం కిందకి ఎవరూ తీసుకోరు. తీసుకుంటే తెలుస్తుంది, అదెంత కష్టమైన రాతో! అప్పటి కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్‌గారు నవలలు రాసిన చేత్తోనే 'వంటలు-పిండివంటలు' రాశారు. 'హృదయనేత్రి' నవలకి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. కానీ మసిగుడ్డ పక్కన, పోపులపెట్టె పక్కన ఉండి నలిగిపోయే గౌరవం ఆ వంటల పుస్తకానిదే. ఇంకా వెనక్కి వెళితే కృష్ణదేవరాయలవారి 'ఆముక్తమాల్యద'. దానికి బీజం పడింది మన కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలోనే, ఆంధ్రవిష్ణువు కలలో కనపడి చెప్పగా రాశానని రాయలే అన్నారు. అందులో విష్ణుచిత్తుడు అతిథులకి పెట్టే భోజనాలు చూడండి. ఎండాకాలం చలవచేసే పలచని వంటకాలు, చలికాలం ఘాటైన ఆవపచ్చళ్ళు. రాజుగారు పాళ్ళు చెప్పలేదు, నిజమే. ఏది ఎప్పుడెందుకో చెప్పారు. మన ఫోను పేజీలు పాళ్ళూ చెప్పవు, ఎందుకో కూడా చెప్పవు.

మర్నాడు మేనకోడలు నందిగామ వచ్చింది. పిల్లాణ్ణి మావారికి అప్పజెప్పి, చెంచాలూ గ్రాముల తక్కెడా పట్టుకుని మా అత్తగారి ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, నువ్వు ఉప్పు గుప్పిట్లోకి తీసుకో. వెయ్యకు. నాకియ్యి."

ఆవిడ తియ్యడం, ఇది చెంచాతో కొలవడం, కాయితం మీద రాయడం. మా అత్తగారికి నవ్వాగలేదు. "నా గుప్పిటికి తూకం వేసేవాళ్ళు పుట్టారే!" అన్నారు. నవ్వుతూనే అన్నారుగానీ, అరవై ఏళ్ళ వంటలో ఈ ప్రశ్న ఆవిణ్ణి అడిగినవాళ్ళు మేమే మొదలని నాకప్పుడు తట్టింది.

ఇప్పుడు ఆ కాయితంలో ఉన్నది చెబుతాను. ఇరవై చిన్న గ్లాసులకి లెక్క.

అడుగు పొర కందిపచ్చడి. కందిపప్పు 300 గ్రాములు సన్నసెగన దోరగా వేయించాలి. రంగు చూసి కాదు, వాసన చూసి దించాలి. పదిహేను నిమిషాలు నానబెట్టి, వేయించిన ఎండుమిరపకాయలు 10, జీలకర్ర చెంచాడు, వెల్లుల్లి 8 రెబ్బలు, చింతపండు 25 గ్రాములతో, రెండు చెంచాల ఉప్పుతో రుబ్బాలి. గరిటెతో తీసి తిరగేస్తే జారకూడదు. అదీ గుర్తు. మొత్తం గ్లాసులో చింతపండు పులుపు ఈ ఒక్క పొరకే.

దానిమీద కాల్చిన వంకాయ పచ్చడి. కిలో వంకాయలకి నూనె రాసి కాల్చి, తొక్క తీసి, జల్లెడలో పావుగంట వదిలితే నీరు దిగిపోతుంది. కాల్చిన పచ్చిమిరపకాయలు 4, చెంచాడు ఉప్పు వేసి మెదపడమే. చింతపండు వద్దు. పొగ వాసనే దాని అందం.

మూడోది పెరుగుకి బదులు. పొట్టు తీసిన తెల్లనువ్వులు 150 గ్రాములు చిటపటమనేదాకా వేయించి, ఒక చిప్ప పచ్చికొబ్బరితో మెత్తగా రుబ్బి, రెండు నిమ్మకాయల రసం పిండాలి. నువ్వుల్లో నూనె, కొబ్బరిలో పాలు. కిందనున్న మిరపకారాన్ని పట్టి ఉంచేవి అవే. చెంచా వెనకవైపు అంటుకుని నిలిస్తే పాకం కుదిరినట్లు.

నాలుగోది దోసకాయ. రెండు కాయలు. ముందుగా రెండు కొసలూ కొరికి చేదు చూడాలి. ఏ పేజీలోనూ ఈ మాట లేదు! ఒక్క చేదుకాయ పడితే ఇరవై గ్లాసులూ పారబొయ్యాలి. గింజలు తీసి, సన్నగా తరిగి, చెంచాన్నర ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు పక్కన పెట్టాలి. ముక్క వంచితే విరక్కుండా వంగాలి. అప్పుడు పిండెయ్యాలి. పిండిన నీళ్ళు పారబోస్తుంటే అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. "నువ్వులు వాటితో రుబ్బు. ఆ పొరకి మళ్ళీ ఉప్పెందుకూ?" నిజమే. ఉప్పు దోసకాయలో నీటిని బయటికి లాగుతుంది. గిన్నెలో లాగితే రభస, ముందే లాగితే రుచి.

పైన ఉల్లిముక్కలు, కొత్తిమీర, నువ్వులనూనెలో పెట్టి పూర్తిగా చల్లార్చిన తాలింపు. పొరలు వడ్డించే అరగంట ముందే పేర్చాలి. పచ్చికొబ్బరి ఎండకి ఓర్చుకోదు. మామూలు రోజుల్లో రెండు గంటలు, ఎండలు ముదిరితే గంట, అంతకంటే బయట ఉంచకూడదు.

గ్లాసులంటున్నానేమిటి, గిన్నె ఏమయిందంటారా? ఆ ప్రశ్నా మా అత్తగారిదే. "కొరికిన చెక్క మళ్ళీ అదే గిన్నెలో ముంచితే ఎంగిలి కాదుటే?" పాశ్చాత్యులకీ ఈ గొడవ ఉంది, వాళ్ళూ మొహాలు చిట్లిస్తారని మేనకోడలు చెప్పింది. మనిషికో చిన్న గాజుగ్లాసు పెడితే ఎంగిలీ లేదు, పొరలూ కనపడతాయి.

పుట్టినరోజు పొద్దున్న ఇంకో గండం. ముంచుకోడానికని బజార్లో పప్పుచెక్కలు తెప్పించారు. బల్లమీద పేరుస్తుంటే మా అత్తగారు కుర్చీలోంచి, "పిండి కలిపేటప్పుడు వెన్న వేశారేమో అడిగారా?" అన్నారు. ఫోను చేశాం. వేశారట, గుల్లగా వస్తాయని! నాలుగు పొరల్లో అంత జాగ్రత్తపడి, చెక్క దగ్గర మునిగేవాళ్ళం. అప్పటికప్పుడు జొన్నరొట్టెలు పలచగా చేయించి, ముక్కలు కోసి, పెనం మీద కరకరలాడేదాకా కాల్చాం. నిజం చెప్పాలంటే చెక్కలకంటే అవే బాగున్నాయి.

మరి ఎట్లా ఉందంటారా? విమర్శ రాస్తూ సొంత వంటని వదిలేస్తే న్యాయం కాదు. పిల్లలు పైపొర తిని గ్లాసులు వదిలేశారు. మా పెదమామగారు రెండు గ్లాసులు ఖాళీచేసి, "బాగుందిగానీ అన్నమేదీ?" అన్నారు. నాకు మాత్రం కందిపచ్చడి వేడన్నంలో తిన్నప్పటి సుఖం ఇందులో రాలేదు. పచ్చడికి అన్నం చేసే ఉపకారం జొన్నరొట్టె ముక్క చెయ్యలేదు. ఇంకో లోపం, చల్లారిన తాలింపు వాసన సగమే. కానీ నిలబడి కబుర్లు చెప్పుకునేచోట, విస్తరి వెయ్యనిచోట దీనికో స్థానముంది. నాలుగు రుచులూ విడివిడిగా నాలుకకి తగిలి, ఆ తర్వాత కలిశాయి. అన్నిటికంటే, పిల్లాణ్ణి చంకనేసుకుని మా మేనకోడలు అందరి మధ్యా నిలబడి, ఎవర్నీ 'ఇందులో ఏం వేశారు' అని అడక్కుండా తింది. ఆ పూట నాకు కావలసింది అదే.

తర్వాత ఇంకో సంగతి జరిగింది. వారం పోయాక ఆ కాయితం చూసి మళ్ళీ చేశాం. చెంచాన్నర ఉప్పు సరిగ్గా కొలిచి వేశాం. ఉప్పెక్కువయింది! ఈసారి కాయలు చిన్నవి. మేనకోడలు కాయితం కేసి చూసింది, నేను అత్తగారి కేసి చూశాను. "నేను గుప్పిట చూసి వేస్తానా, కాయ చూసి వేస్తాను" అన్నారావిడ.

అప్పుడర్థమయింది. 'తగినంత' అబద్ధం కాదు. కాయకి తగినంత, కాలానికి తగినంత, తినేవాళ్ళకి తగినంత. పక్కన పీట వేసుకుని కూర్చున్న కూతురికి ఆ ఒక్క మాట చాలు. అమ్మ ఆ పుస్తకం నాకోసం రాయలేదు, తన గుర్తుకోసం రాసుకుంది. పక్కన కూర్చోవలసిన రోజుల్లో నేను కూర్చోలేదు, తప్పు ఆవిడ పుస్తకానిది కాదు. కానీ అచ్చుకెక్కే పేజీ సంగతి వేరు. దాన్ని చదివేవాళ్ళ పక్కన ఎవరూ పీట వేసుకుని ఉండరు. వాళ్ళకి కొలతా చెప్పాలి, గుర్తూ చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. ఆ మూడూ లేకుండా 'తగినంత' అని రాస్తే అది తప్పించుకోవడమే.

ఇప్పుడు అమ్మ నోటుబుక్కులో 'తగినంత' ఉన్నచోటల్లా పక్కన పెన్సిలుతో చిన్నగా రాస్తున్నాను. ఎంత వేశానో, ఏ కాయకో, ఎట్లా వచ్చిందో. పెన్సిలు ఎందుకంటే, మళ్ళీ చేసినప్పుడు దిద్దుకోవాలి కదా. మేనకోడలు వెళ్ళేటప్పుడు ఆ పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుంది. కందిపచ్చడి పేజీ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే ఆదివారం అత్తగారి పక్కన పీట వేసుకుంటున్నాను.